నిర్హేతుక కృప: ఓల్నీ గ్రామపు ఇరువురు భక్తులు

తెలుగు బైబిలు చదువువారికి కనికరము, కృప యను రెండు మాటలు మిక్కిలి పరిచితములు. లోకవ్యవహారమున ఈ రెంటిని ఒకదానికి మారుగా నొకటి వాడుచుందురు గాని, క్రైస్తవ వేదాంతమున వీనికి సూక్ష్మమైన భేదము కలదు. శిక్షకు తగినవానిని శిక్షింపకుండుట కనికరము. ఏ యోగ్యతయు లేనివానికి మేలు నొసగుట కృప. న్యాయాధిపతి నేరస్థుని విడిచిపెట్టినచో అది కనికరమనబడును. విడిచిపెట్టి, తన యింటికి గొనిపోయి, కన్నకొడుకు ప్రక్కను కూర్చుండబెట్టి అన్నము పెట్టినచో అది కృప యగును. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలివారి కథ దీనికే దృష్టాంతము. ఉదయము మొదలు ఎండలో పాటుపడినవారికిని, ప్రొద్దు గ్రుంకుటకు గడియసేపు ముందు వచ్చినవారికిని యజమానుడు ఒకే కూలి యిచ్చెను. ముందు వచ్చినవారు సణిగిరి. నిజము చెప్పవలెనన్న, ఆ కథ చదివిన ప్రతివానికిని మొదట ఆ సణుగుడే న్యాయమని తోచును.

ఈ సిద్ధాంతము మనకు కేవలము పరాయిది కాదు. ఆత్మ యెవనిని వరించునో వానికే లభ్యమగునని కఠోపనిషత్తు చెప్పుచున్నది. శ్రీవైష్ణవులలో తెంగలవారు భగవంతుని కృప నిర్హేతుకమనియు, పిల్లి తన కూనను నోట కరచుకొని పోవునట్లు ఈశ్వరుడే జీవుని గొనిపోవుననియు చెప్పుదురు. వడగలవారు కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొనునట్లు జీవుడును కొంత ప్రయత్నము చేయవలెనందురు. పాశ్చాత్య దేశమునను ఈ వివాదమే క్రీస్తుశకము అయిదవ శతాబ్దమున అగస్టీనునకును పెలేజియసునకును నడచెను. మానవుడు తన స్వశక్తిచేతనే ధర్మము నాచరింపగలడని పెలేజియసు వాదించెను. దైవకృప ముందుగా కదలింపనిదే మానవుని సంకల్పమే మేలువైపునకు తిరుగదని అగస్టీను వాదించెను. 418వ సంవత్సరమున కార్తేజి సభ పెలేజియసు మతమును ఖండించెను. ఖండించినను ఆ ప్రశ్న చావలేదు. కృప ఉచితమే యగునేని నడవడి మాట యేమి? పాపము చేసినకొలది కృప పెరుగునుగదా యని చమత్కరించువారు పౌలు కాలముననే యుండిరి. రోమీయులకు వ్రాసిన లేఖలో ఆతడు వారికి కోపముతోనే బదులు చెప్పెను.

సంఘసంస్కారమునందు శ్రద్ధగల చదువరులకు ఈ ప్రశ్న శాస్త్రచర్చ మాత్రము కాదు. దేవుడు క్షమించెనని చెప్పుకొనుచు, తాను బాధించినవారి వంక తిరిగియైనను చూడని భక్తులను మనమందరము ఎరుగుదుము. కావున ఈ సిద్ధాంతమును తర్కముతో గాక ఒక మనుష్యుని చరిత్రముతో పరీక్షించి చూచుట మేలు. ఆంగ్లభాష తెలిసిన క్రైస్తవులలో ఆశ్చర్యకరమగు కృపను గూర్చిన కీర్తన నెరుగనివారు అరుదు. దానిని రచించిన జాన్ న్యూటను మానవులను కొని అమ్మిన నౌకాధిపతి. ఈ సంగతి తెలిసినవారు సాధారణముగ కథను ఇట్లు చెప్పుదురు: బానిసల వర్తకుడు తుపానులో చిక్కెను, దేవునికి మొఱపెట్టెను, మారుమనస్సు పొందెను, ఆ పాపపు వృత్తిని విడిచి కీర్తన వ్రాసెను. కథ చక్కగా నున్నది గాని చరిత్ర అట్లు నడువలేదు.

న్యూటను 1725వ సంవత్సరము జూలై మాసమున లండనులోని వాపింగు అను రేవుపేటలో జన్మించెను. తండ్రి మధ్యధరా సముద్రపు ఓడలకు నాయకుడు. తల్లి దైవభక్తురాలు, కుమారునికి చిన్ననాటనే వేదవాక్యములును కీర్తనలును నేర్పినది. ఆమె క్షయరోగముచేత మరణించునప్పటికి బాలునికి ఏడేండ్లు నిండలేదు. పదునొకండవ యేట తండ్రితో ఓడ నెక్కెను. 1744లో యుద్ధనౌకవారు అతనిని బలవంతముగా పట్టుకొనిపోయి హార్విచ్ అను నౌకలో చేర్చిరి. అచటనుండి పారిపోజూచి పట్టుబడి, అందరి యెదుట కొరడాదెబ్బలు తిని, హోదా పోగొట్టుకొని సామాన్య నావికుడయ్యెను. పిమ్మట పడమటి ఆఫ్రికాకు పోవు ఒక బానిసల ఓడకు మారి, సియెర్రా లియోను తీరమునకు సమీపమున ప్లాంటెను దీవులలో బానిసల వ్యాపారి యొకని కొలువున చేరెను. ఆ వ్యాపారితో కాపురముండిన ఆఫ్రికా స్త్రీ ఇతనిని చులకనగా చూచెను. జ్వరముతో పడియున్నప్పుడు త్రాగుటకు నీరైనను సరిగా దొరకలేదనియు, సంకెళ్ళలో నున్న బానిసలే తమ కూటిలో కొంత దాచి తనకు రహస్యముగా పెట్టిరనియు ఆతడే వ్రాసికొనెను.

ఆ దుర్దశలో ఆతని యొద్ద మిగిలిన పుస్తకము ఒక్కటే, యూక్లిడు రేఖాగణితము. దానిని సముద్రపుటొడ్డునకు గొనిపోయి, ఇసుకలో పుల్లతో బొమ్మలు గీచుకొని మొదటి ఆరు భాగములను తనంతట నేర్చుకొనెనట. నల్లబల్లయు సుద్దముక్కయు ఉండి కూడ అయిదవ సిద్ధాంతము దాటించుటకు ఆపసోపములు పడు మాబోటి యుపాధ్యాయులకు ఈ సంగతి కొంత సిగ్గును కలిగింపకపోదు.

తండ్రి కోరికపై గ్రేహౌండను ఓడవారు అతనిని వెదకి ఎక్కించుకొనిరి. 1748వ సంవత్సరము మార్చి 10వ తేదీ రాత్రి, ఉత్తర అట్లాంటికు సముద్రమున, ఆ ఓడ ఘోరమైన తుపానులో పడెను. పాత పంచాంగము ప్రకారము 10వ తేదీ, నేటి లెక్కకు 21. ఇంగ్లండు 1752లో గాని పంచాంగమును సవరించుకొనలేదు. నీరు గదిలోనికి వచ్చుటతో మేల్కాంచి న్యూటను పైకి ఎక్కుచుండగా, కత్తి తెమ్మని నాయకుడు అతనిని వెనుకకు పంపెను. ఆతనికి బదులుగా ముందు ఎక్కినవానిని అల తక్షణమే కొట్టుకొనిపోయెను. ఓడ ప్రక్క పగిలియుండెను. తేనెమైనమును, నీటిలో తేలు కొయ్యయు సరకుగా నుండుటచేత మాత్రమే అది మునుగలేదు. తెల్లవారువరకు నీరు తోడుచు, ఇదియు పనిచేయనిచో దేవుడే మనలను కనికరించుగాక యని న్యూటను ఎవరితోనో అనెను. అనిన తరువాత తన నోట వచ్చిన మాటకు తానే ఉలికిపడెను. దేవుని పేరెత్తి దూషించుటలో నావికులే రోతపడునంతటి ప్రజ్ఞ గడించినవాడు ఆతడు. నాబోటివానికి కనికరమెక్కడిదను ప్రశ్న ఆ యుదయము అతని మనస్సున నాటుకొనెను. నాలుగు వారములకు ఆ చితికిన ఓడ ఐర్లండు తీరమును చేరెను. ఆ మార్చి 21వ తేదీని ఆతడు జీవితాంతము వ్రతమువలె పాటించెను.

ఇంతవరకు అందరును చెప్పుదురు. ఆ తరువాతి ఆరేండ్లను గూర్చి తక్కువమంది చెప్పుదురు. తుపాను గడచిన కొలది మాసములకే న్యూటను మరియొక బానిసల ఓడలో నాయకునికి తరువాతి యుద్యోగమున చేరెను. 1750లో తాను పదునేడేండ్ల ప్రాయమునుండి ప్రేమించిన మేరీ క్యాట్లెట్టును పెండ్లాడెను. ఆ యేడే డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అను బానిసల ఓడకు నాయకుడై బయలుదేరెను. పిమ్మట ఆఫ్రికను అను ఓడలో రెండు యాత్రలు చేసెను. లివర్పూలు నుండి సరకులతో ఆఫ్రికాకు, అచట మనుష్యులతో కరిబియను దీవులకు, అచటనుండి పంచదారతో మరల లివర్పూలునకు. ఇదియే మూడు మూలల వర్తకము. ఆతని ఓడ దినచర్య నేటికిని నిలిచియున్నది. అందు బానిసలకు పేర్లు లేవు, సంఖ్యలు మాత్రమే కలవు. చచ్చినవారు ఆ సంఖ్యతోనే సముద్రమున పడవేయబడిరి. 1752 డిసెంబరు మాసమున బానిసలు తిరుగుబాటునకు కుట్ర చేసిరన్న అనుమానముతో కొందరు పిల్లల బొటనవ్రేళ్ళను మరచట్రములలో బిగించి నిజము రాబట్టినట్లు తన చేతితో తానే వ్రాసికొనెను.

ఆ ఓడపైననే ఆతడు ఆదివారములందు నావికులను సమకూర్చి ప్రార్థన జరిపించెడివాడు. తీరిక వేళల లాటిను భాష నేర్చుకొనెను. భార్యకు అతి మృదువులైన లేఖలు వ్రాసెను. పైనున్న బల్లల మీద ప్రార్థన, క్రిందనున్న బల్లల మీద సంకెళ్ళు. కడపటి యాత్రలో నావికులలోగాని బానిసలలోగాని ఒక్కడును చావలేదని లివర్పూలు దేవాలయమున కృతజ్ఞతాస్తుతి కూడ చేయించెను. ఇందు కపటము లేదు. అదియే మనలను ఎక్కువ కలవరపెట్టు సంగతి. కపటియైనచో అసహ్యించుకొని ప్రక్కకు తొలగుదుము. ఈతడు నిజముగా ప్రార్థించెను, నిజముగా కన్నీరు కార్చెను, నిజముగా మనుష్యులను అమ్మెను. 1764లో ప్రకటించిన స్వీయచరిత్రమున, ఆ కాలమున తనకు ఈ వృత్తి న్యాయమా కాదా యను సందేహమే కలుగలేదనియు, అది దేవుడు తనకు నియమించిన పనియని తృప్తిపడితిననియు, ఐనను ఎల్లప్పుడును సంకెళ్ళతోను తాళములతోను పనిగల జైలు అధికారివలె నుంటినని మాత్రము కొంత రోతగా నుండెడిదనియు చెప్పెను. ఆ వృత్తిని ఆతడు మనస్సాక్షి చేత విడువలేదు. 1754లో ఓడ నెక్కుటకు సిద్ధముగా నుండగా మూర్ఛ వచ్చెను. వైద్యుల సలహా మీద సముద్రయానము మానెను.

ఆ కాలమున అందరును అట్లే యుండిరని సమర్థించువారు కలరు. అందరును అట్లుండలేదు. న్యూటను ఓడ దిగిన ఆ 1754వ సంవత్సరముననే, అమెరికాలో జాన్ వూల్మను అను క్వేకరు దర్జీ బానిసత్వమును ఖండించుచు చిన్న గ్రంథమును ప్రకటించెను. ఆతడును క్రైస్తవుడే, ఆతడు చదివినదియు ఆ బైబిలే. బానిస శ్రమతో తయారైన పంచదారను తినుట, రంగు వేసిన బట్టను కట్టుట కూడ ఆతడు క్రమముగా మానుకొనెను. 1772 జూన్ మాసమున లండనులో మాన్సుఫీల్డు ప్రభువు, సోమర్సెట్టు అను బానిసను యజమాని బలవంతముగా ఇంగ్లండు దాటించి గొనిపోరాదని తీర్పు చెప్పెను. 1774లో వెస్లీ బానిసత్వముపై తన ఖండన గ్రంథమును వెలువరించెను. అనగా వెలుగు లేక కాదు. కన్నులు తెరచుటకు కాలము పట్టెను.

న్యూటను కొంతకాలము లివర్పూలు రేవులో సుంకపు ఉద్యోగము చేసి, గ్రీకు, హీబ్రూ భాషలు స్వయంకృషితో నేర్చి, 1764లో బకింగుహాముషైరులోని ఓల్నీ గ్రామమునకు గురువుగా వచ్చెను. ఓల్నీ బీదల ఊరు. మన నరసాపురము ప్రాంతమున స్త్రీలు లేసు అల్లి పొట్ట పోసికొన్నట్లు, అచటివారును లేసు అల్లి బ్రతికెడివారు. చదువురాని ఆ జనులకు ప్రసంగము మనస్సున నిలుచుటకై ఆతడు వారమునకొక కీర్తన కట్టజొచ్చెను. మనము చెప్పిన కీర్తన 1772 సంవత్సరాంతమున రచింపబడి, 1773 జనవరి 1వ తేదీ ప్రసంగమునకు తోడుగా వినిపింపబడెను. ఆనాటి ప్రసంగమునకు మూలము దావీదు ప్రార్థన: నన్ను ఇంతదూరము తెచ్చుటకు నేనెంతటివాడనని రాజు దేవునియెదుట కూర్చుండి ఆశ్చర్యపడిన ఘట్టము. కీర్తనలో ఆపదలున్నవి, అంధత్వమున్నది, దారి తప్పుటయున్నది. ఓడ క్రింది బల్లలపై నున్నవారు మాత్రము అందెచటను లేరు.

ఆ దినము సభలో నున్నవారిలో విలియం కౌపరు అను కవి యొకడు. ఈ వ్యాసమునకు రెండవ భక్తుడు ఈతడే. నా దృష్టిలో కృపాసిద్ధాంతమునకు న్యూటనుకంటె కఠినమైన పరీక్ష కూడ నితడే. కౌపరు 1731లో జన్మించెను, ఆరవ యేట తల్లిని గోల్పోయెను, న్యాయశాస్త్రము చదివెను, 1763లో పార్లమెంటులో ఉద్యోగమునకు పరీక్ష జరుగునన్న భయముతో మతి చలించి ఆత్మహత్యకు పాల్పడబోయి, సెయింట్ ఆల్బన్సులోని ఒక వైద్యశాలలో రెండేండ్లు గడపెను. అచటనే బైబిలు చదివి శాంతి పొందెను. 1767లో న్యూటను సాన్నిధ్యము కోరి ఓల్నీకి వచ్చెను. ఇరువురును ప్రాణమిత్రులైరి, కలిసి కీర్తనలు కట్టిరి. 1779లో ప్రకటితమైన ఓల్నీ కీర్తనలలో 348 గీతములు కలవు, వానిలో అరువదికి పైగా కౌపరువి, తక్కినవి న్యూటనువి.

1773 జనవరి మాసముననే కౌపరునకు ఉన్మాదము మరల వచ్చెను. ఫిబ్రవరి నెల చివర ఒక స్వప్నములో, నీ పని ముగిసినది, నీవు నశించితివి అను నర్థము గల తీర్పు వినబడినట్లు తోచెను. దేవుడు తన ప్రాణమును బలిగా కోరెననియు, తాను అందులకు జంకితిననియు, అందుచేత తనకొక్కనికి మాత్రము కృపాద్వారము శాశ్వతముగా మూయబడెననియు ఆతడు దృఢముగా నమ్మెను. అది మొదలు తిరిగి దేవాలయమున అడుగు పెట్టలేదు. ఇతరులకు కృప లేదని ఆతడెన్నడును అనలేదు. తనకు తప్ప అందరికిని కలదనెను. ఇంతకంటె దయనీయమైన విశ్వాసము ఉండునా?

వీరిద్దరిని ప్రక్కప్రక్కను నిలిపి చూడుడు. ఒకడు వందలకొలది మనుష్యులను సంకెళ్ళతో సముద్రము దాటించి అమ్మినవాడు. క్షమాపణ దొరికినదని నిశ్చయముగా పాడెను. మరియొకడు పెంపుడు కుందేళ్ళను ఒడిలో పెట్టుకొని సాకినవాడు. తనకు క్షమాపణ లేదని ఇరువదియేడేండ్లు ఏడ్చెను. యోగ్యతను బట్టి కూలి ఇచ్చు లెక్కయైనచో ఈ పంపకము తలక్రిందులుగా నున్నది. ద్రాక్షతోట కూలివారి సణుగుడు మరల మన చెవిని బడును. అయితే కౌపరు గతిని చూచి, నిశ్చయభావమే కృపకు గుర్తని చెప్పువారి వాదము నిలువదని నాకు తోచుచున్నది. తనకు కృప కలదని తలచుట వేరు, కృప కలిగియుండుట వేరు. నోట కరచుకొని పోబడు పిల్లికూనకు, అది తల్లి నోరో శత్రువు నోరో ఎట్లు తెలియును?

న్యూటనును నేను ఆదరించుట కీర్తనను బట్టి కాదు, ఈ మిత్రుని విషయమున ఆతడు చూపిన యోర్పును బట్టి. 1773 ఏప్రిలు మాసమున కౌపరు తన యిల్లు విడిచి న్యూటను ఇంట ప్రవేశించి, అచటనుండి కదలననెను. సంవత్సరమునకు పైగా అచటనే యుండెను. ఉన్మత్తుని కనిపెట్టి యుండుట యెంత కష్టమో అట్టివారు ఇంటనున్న కుటుంబములకే తెలియును. న్యూటను విసుగుకొనలేదని చెప్పజాలము, దినచర్యలో అలసట కనబడుచునేయున్నది, కాని పొమ్మనలేదు.

1780లో న్యూటను లండనులోని సెయింట్ మేరీ వూల్‌నాతు దేవాలయమునకు మారెను. 1785 డిసెంబరు మాసమున ఇరువదియారేండ్ల పార్లమెంటు సభ్యుడొకడు, తన్నెవరైన చూతురేమోయను భయముతో ఆ వీధిని చుట్టి చుట్టి, తుదకు ఆతని తలుపు తట్టెను. ఆతడే విల్బర్‌ఫోర్సు. దైవభక్తి కుదిరినది గనుక రాజకీయములు విడువవలెనా యని అడిగెను. విడువవద్దు, దేవుడు నిన్ను అచటనే వాడుకొనునని న్యూటను చెప్పెను. బానిసవర్తక నిషేధమున ఆ వృద్ధగురువు చేసిన మేలంతయు ఈ ఒక్క సలహాలోనే యున్నదనినను అతిశయోక్తి కాదు.

1788లో, ఓడ దిగిన ముప్పదినాలుగేండ్లకు, న్యూటను ఆఫ్రికా బానిసవర్తకమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. ఇది నా యొప్పుకోలు, చాల ఆలస్యముగా వచ్చినదని ఆరంభముననే చెప్పెను. ఒకప్పుడు తాను చురుకుగా చేసిన పనిని తలచుకొని తన గుండె వణకుననెను. ఆ పుస్తకము కీర్తనవంటిది కాదు. లెక్కలు, కొలతలు గల సాక్ష్యము. తెల్ల నావికులలో ఎందరు చనిపోవుదురో మొదట చెప్పెను, ఆంగ్ల చదువరులు ముందు దానికే చెవి యొగ్గుదురని ఎరిగినవాడు గనుక. ఏటేట లక్షమంది ఆఫ్రికానుండి తరలింపబడుదురనియు, అందులో సగమునకు పైగా ఆంగ్ల ఓడలవారే కొందురనియు అంచనా వేసెను. అరలలో పుస్తకములవలె మనుష్యులను ఎట్లు పేర్చుదురో వర్ణించెను. ఒక నావికుడు తనకు చెప్పిన సంగతి యొకటి వ్రాసెను: ఏడాది బిడ్డతో నున్న తల్లిని కొని పడవలో తెచ్చుచుండగా రాత్రి బిడ్డ ఏడ్చెనట; నిద్రకు భంగమైనదని ఆ నావికుడు బిడ్డను తల్లి చేతినుండి లాగి సముద్రమున విసరెనట; తల్లిని మాత్రము విసరలేదు, ఆమెకు ధర పలుకును గనుక. ఆ సంవత్సరమే ప్రీవీ కౌన్సిలు ముందును, 1790లో కామన్సు సభ విచారణసంఘము ముందును ఆతడు స్వయముగా సాక్ష్యమిచ్చెను. ఆ వర్తకమును పుస్తకములలో చదివినవారు చాలమంది. చేసి వచ్చి చెప్పినవారు కొద్దిమంది. కౌపరు సైతము అదే 1788లో, తనకు మోక్షము లేదని నమ్ముచునే, బానిసల పక్షమున గీతములు వ్రాసి ప్రచారమునకు తోడ్పడెను.

కీర్తన, పుస్తకము ఈ రెంటికి నడుమ పదునైదేండ్లు. కృప ఒక్క రాత్రిలో పని ముగించునని బోధించువారు ఈ పదునైదేండ్లకును, వానికి ముందరి ఇరువదియైదేండ్లకును జవాబు చెప్పవలెను. తుపాను రాత్రి తాను పూర్ణ విశ్వాసిని కాలేదని న్యూటనే తరువాత వ్రాసెను; అది ఆరంభము మాత్రమే యనెను. తిట్లు ఆ వారముననే మానెను, త్రాగుడు, జూదము కొలది కాలములో మానెను. తన తోటిమానవుని అమ్ముట పాపమని గ్రహించుటకు మాత్రము సగము జీవితము పట్టెను. సొంత శరీరమునకు అంటిన మలినము త్వరగా కనబడును. సంఘమంతయు గౌరవించు మలినము, లాభము తెచ్చు మలినము కనబడదు. అస్పృశ్యతను పాటించుచునే నిత్యము గీతాపారాయణము చేసిన తరములవారము మనము. లివర్పూలువారిని చూచి మిక్కిలి ఆశ్చర్యపడుటకు మనకు హక్కు లేదు. దేవాలయములో ఒకే రొట్టె తిని, వెలుపల కులము పేరిట విడివిడిగా కూర్చుండిన మన దేశపు క్రైస్తవులకును లేదు.

ఇంకొక ప్రక్కనుండి కూడ చూడవలెను. కృపను గూర్చి మాటలాడు హక్కు ఓడ పై బల్లలవారికే కలదా? చిన్ననాట బానిసయై ఓడలపై పెరిగి, పైకము కూడబెట్టి 1766లో తన స్వేచ్ఛను తానే కొనుక్కొనిన ఓలౌడా ఈక్వియానో 1789లో తన చరిత్రమును ప్రకటించెను. 1774లో ఓడపైననే తనకు క్రీస్తుకృప అనుభవమునకు వచ్చినట్లు అందు చెప్పెను. న్యూటను తుపానులో పొందినదియు, ఈక్వియానో పొందినదియు ఒకే కృపయని నమ్మినచో, దాని ఫలితము ఇద్దరియందును ఒకటి కాలేదని కూడ గమనింపవలెను. ఒకనికది తాను చేసినదానిని చూడనేర్పెను. మరియొకనికి తనకు చేయబడినదానిని ఎలుగెత్తి చెప్పు ధైర్యమిచ్చెను. ఆ గ్రంథము బానిసవర్తక నిషేధోద్యమమునకు గొప్ప ఆయుధమయ్యెను.

1807 మార్చి 25వ తేదీన బ్రిటిషు బానిసవర్తకమును నిషేధించు చట్టమునకు రాజామోదము లభించెను. బానిసత్వమే రద్దగుటకు 1833 వరకు ఆగవలసివచ్చెను. ఆ చట్టము క్రింద యజమానులకు రెండు కోట్ల పౌనులు నష్టపరిహారముగా ఇచ్చిరి, బానిసలకు కానియైనను లేదు. మన దేశమును ఏలిన కుంపిణీ వారి సీమలను ఆ చట్టమునుండి మినహాయించి, 1843లో వేరు చట్టముతో ఇచట బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదనిరి. అట్లాంటికు సముద్రముపై మొత్తము మీద ఆఫ్రికానుండి ఓడల కెక్కింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలమందియని చరిత్రకారుల లెక్క.

కీర్తనమాత్రము తన కర్తను విడిచి ఎచటికో పోయెను. అమెరికాలో 1835లో ముద్రితమైన ఒక సంగీత సంకలనమున నేటి రాగము దానికి జతపడెను. బానిసల సంతతివారే దానిని తమ పాటగా చేసికొనిరి. 2015 జూన్ మాసమున చార్లెస్టను నగరమున ఒక నల్లవారి దేవాలయములో బైబిలు పఠనమునకు కూడినవారిలో తొమ్మండుగురిని ఒక తెల్ల యువకుడు కాల్చి చంపెను. రెండు దినములకు న్యాయస్థానములో, చనిపోయినవారి బంధువులు కొందరు ఆ హంతకుని మొగము వంక చూచి క్షమించితిమనిరి. ఆ తరువాతి వారము జరిగిన యొక ఉత్తరక్రియలో దేశాధ్యక్షుడు ఒబామా, కృపను గూర్చి ప్రసంగించుచు నడుమ నాగి, ఆ కీర్తనను స్వయముగా పాడెను. బాధించినవాడు కట్టిన పాట బాధితుల నోట పలికినప్పుడు దాని యర్థము మారునా, పూర్ణమగునా యని నేను పలుమారులు ఆలోచించితిని. ఆ బంధువులు చేసినది ఇతరులెవ్వరును వారినుండి కోరదగినది కాదు. కోరి పుచ్చుకొనునది కృప కాదు గదా.

కౌపరు 1800 ఏప్రిలు 25వ తేదీన మరణించెను. తనకు సంబంధించిన తీర్పు మారినదని కడవరకు నమ్మలేదు. న్యూటను ఆతనికి స్మారక ప్రసంగము చేసెను. మిత్రుని భయము వ్యాధియే గాని సత్యము కాదని ఆతని నమ్మకము. తరువాత న్యూటను చూపు మందగించెను, జ్ఞాపకము తగ్గెను. 1805 మార్చి 21వ తేదీన, ఆ పాత తుపాను దినమును తలచుకొని, దినచర్యలో కడపటి మాటలు వ్రాసెను. నిషేధ చట్టము వచ్చిన యేడే, 1807 డిసెంబరు 21వ తేదీన, ఎనుబదిరెండేండ్ల వయస్సున కన్నుమూసెను. సమాధిపై చెక్కవలసిన మాటలను తానే వ్రాసి యుంచెను. తాను ఒకప్పుడు నాస్తికుడననియు, విషయలోలుడననియు, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడననియు, క్రీస్తు కనికరముచేత క్షమింపబడి, తాను కూలద్రోయ జూచిన విశ్వాసమునే బోధించుటకు నియమింపబడితిననియు అందు చెప్పుకొనెను. బానిసల ఓడలకు నాయకుడనై యుంటినన్న మాట ఆ రాతిపై లేదు.